పద్నాలుగో తప్పు

విధికుడికి తన గురువు మీద ఉన్నది కోపమో భక్తో అతనికే తెలిసేది కాదు.

పొద్దున్నే, సముద్రం మీద ఇంకా వెలుగు పరుచుకోకముందు, గురువు ధమ్మిలుడు పాఠం ఎత్తుకునేవాడు. ఆ గొంతు వింటూ అక్కడే రాయిలా ఉండిపోతే బాగుండుననిపించేది విధికుడికి. ఇంకాసేపటికి అదే గొంతు, "మళ్ళీ మొదటి నుంచి" అనేది. అప్పుడు మాత్రం కొండ దిగి ఎటైనా పారిపోవాలనిపించేది.

చాలా పాతకాలపు సంగతి ఇది. సముద్రం ఒడ్డున ఒక ఎర్రమట్టి కొండ. దాని మీద ఇటుకలతో కట్టిన విహారం, వరసగా చిన్న చిన్న గదులు, వాటిలో ఒక ఇరవై మంది బౌద్ధ భిక్షువులు. వానాకాలం మూడు నెలలూ వాళ్ళు ఆ కొండ విడిచి ఎక్కడా రాత్రి ఉండరు. కింద ఊళ్ళో భిక్ష తీసుకోవడం, పైకి రావడం, పాఠం చెప్పుకోవడం. కిటికీలోంచి చూస్తే మబ్బూ సముద్రమూ ఒకే రంగులో కలిసిపోయి, ఓడలు ఆకాశంలో పోతున్నట్టుండేవట.

అప్పట్లో చదువంటే పుస్తకం కాదు. గురువు నోట్లోంచి శిష్యుడి చెవిలోకి, అక్కణ్ణుంచి అతని నోట్లోకి. యాభై దాటాక పలక పట్టినదాన్ని, నాకిది వింతగా తోచదు. అక్షరం రాకముందు మేమూ అన్నీ అలా లోపలే దాచుకున్నాం. కాని ఒక్కటి తలుచుకుంటే మాత్రం గుబులేస్తుంది. కాగితం మీదది పోతే ఇంకో కాగితం చూసి రాసుకోవచ్చు. ముసలాయన తలలో ఉన్నది పోతే?

కొండకి నూట ఎనిమిది మెట్లు. వాన మీద వాళ్ళకొక పాఠం ఉండేది, దానికీ నూట ఎనిమిది చరణాలే. పాఠం చూసి మెట్లు తొలిచారో, మెట్లు చూసి పాఠం కట్టారో ఎవరికీ తెలియదు. భిక్ష తీసుకున్నాక, నిండిన పాత్రతో మెట్టుకొక చరణం చెప్పుకుంటూ పైకి ఎక్కాలి. ఒక్క చరణం తప్పినా కిందికి దిగి మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలు. మిట్టమధ్యాహ్నం దాటితే వాళ్ళు అన్నం ముట్టకూడదు. అందుకని మెట్ల మీద రెండుసార్లు తప్పినవాడికి ఆ పూట పాత్రలో అన్నం ఉన్నా పస్తే.

విధికుడు చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టాడు. తండ్రి లేడు, తల్లే తోలు కోసి, దారం లాగి పెంచింది. ఇరవై ఏళ్ళు నిండి భిక్షువై కొండ ఎక్కిన రోజున ఆమె కుట్టిన కొత్త చెప్పులు, రెండు పొరల తోలువి, వేసుకొచ్చాడు.

ధమ్మిలుడు వాటిని చూసి, "ఒక పొర చాలు" అన్నాడు.

"మా అమ్మ కుట్టింది, భంతే." వాళ్ళలో పెద్దల్ని అలా పిలుస్తారు, మనం అయ్యా అన్నట్టు.

"చాలా బాగా కుట్టింది. కింద ఎవరికైనా ఇచ్చిరా."

అంతే. పలకరింపు కూడా లేదు. వట్టి కాళ్ళతో మెట్లు ఎక్కి వచ్చాక పాఠం మొదలైంది.

పోనీ ఆయనకి పక్షపాతం ఉందా అంటే అదీ లేదు. ఉంటే ఎంత హాయిగా ద్వేషించేవాడో! విధికుడితోపాటే వచ్చిన రోహణుడు ఓడల వ్యాపారి కొడుకు. విహారంలో సగం గదులు వాళ్ళ నాన్న కట్టించినవే. ఒకరోజు పాత్రలు కడుగుతూ రోహణుడు, "ఏమిటోయ్ విధికా, నువ్వు పట్టుకున్న పాత్ర కూడా తోలు వాసనేస్తోంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. విధికుడూ నవ్వాడు, ఏం చేస్తాడు.

మర్నాడు ధమ్మిలుడు తన పాత చెప్పు తెచ్చి రోహణుడి ముందు పెట్టాడు. "తెగింది. కుట్టు."

"నాకు రాదు భంతే."

"వచ్చినవాడు నీ పక్కనే ఉన్నాడు. అడిగి నేర్చుకో."

మూడు రోజులు రోహణుడు వేళ్ళు పొడుచుకుంటూ విధికుడి ముందు కూర్చున్నాడు. ఆ మూడు రోజులూ గురువు అడిగితే విధికుడు ప్రాణమైనా ఇచ్చేవాడు. నాలుగో రోజు యాభయ్యో మెట్టు మీద ఒక చరణం తప్పింది. వెనక నుంచి ఆ గొంతు, ఏ మార్పూ లేకుండా, "మళ్ళీ మొదటి నుంచి."

శ్రావణంలో అతనికి ఒక కల వచ్చింది. తల్లి గుమ్మంలో కూర్చుని చెప్పు కుడుతోంది. చేతిలో దారం లేదు. చూరు నుంచి జారుతున్న వానధార పట్టుకుని సూదిలోకి ఎక్కిస్తోంది. అది జారిపోతోంది. మళ్ళీ పట్టుకుంటోంది. "అమ్మా" అంటే తల ఎత్తలేదు.

మెలకువ వచ్చి, తెల్లారగానే గురువు దగ్గరికి వెళ్ళాడు. తల్లికో తండ్రికో జబ్బని కబురొస్తే వానాకాలంలోనైనా ఏడు రోజులు వెళ్ళిరావచ్చు. అది వాళ్ళ నియమం.

"కబురు వచ్చిందా?" అన్నాడు ధమ్మిలుడు.

"లేదు భంతే. కల వచ్చింది."

ముసలాయన, "కలకి సెలవు లేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి విధికుడు ఒక పని చేయసాగాడు. ఎవరూ చెయ్యని పని. గురువు తన పట్ల చూపిన కాఠిన్యమంతా ఏరి, వరసలో పేర్చి, గురువు నేర్పిన పద్ధతిలోనే కంఠతా పట్టాడు. మొదటిదాని తోక రెండోదానికి, రెండోదాని తోక మూడోదానికి. మొత్తం పదమూడు అయ్యాయి. రోజూ సంధ్యవేళ పాఠం వల్లించుకున్నాక, గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని, చిన్న గొంతుతో ఆ పదమూడూ వల్లించుకునేవాడు. ఏ పాఠమూ అతనికి అంత తొందరగా రాలేదు.

ఇదంతా ఎందుకంటే, వానాకాలం చివరి పున్నమి నాడు వాళ్ళకొక ఆచారం ఉంది. ప్రవారణ అంటారు. ఆ రోజు ప్రతి భిక్షువూ, ఎంత పెద్దవాడైనా, తక్కినవాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తనలో తప్పులుంటే చెప్పమని అడగాలి. ఎవరైనా చెప్పవచ్చు. నిన్న వచ్చినవాడైనా సరే. చెప్పింది పూర్తిగా వినేదాకా అడిగిన ఆయన మామూలుగా కూర్చోకూడదు.

ఆ రోజు పదమూడూ చెప్పేసి, మర్నాడు కొండ దిగిపోవాలనుకున్నాడు విధికుడు. చోటు కూడా చూసుకున్నాడు. నది అవతలి విహారం నుంచి వచ్చి వానాకాలం ఇక్కడ గడుపుతున్న సుమనుడనే పెద్ద భిక్షువు, మహా మెత్తని మనిషి, ఒకసారి మెట్ల మీద అతని అవస్థ చూసి జాలిపడ్డాడు.

"నాతో వచ్చెయ్యి నాయనా. పున్నమి మర్నాడు మా పడవ."

"మీ దగ్గరా ఇలాగేనా భంతే?"

"మా దగ్గర మెట్లే లేవు" అన్నాడు సుమనుడు నవ్వి.

ఆశ్వయుజ పున్నమి వచ్చింది. వానలు వెలిశాయి. సాయంత్రం రాతి మండపంలో అందరూ చేరేసరికి, సముద్రంలోంచి చంద్రుడు అప్పుడే స్నానం చేసి లేస్తున్నట్టు పైకి వస్తున్నాడు. వెలుగు నేల మీద తడిగా పరుచుకుంది.

దీక్షలో అందరికన్నా పెద్ద కనుక ధమ్మిలుడిదే మొదటి వంతు. ఎడమ మోకాలు చాలా రోజులుగా వాచి ఉంది. అయినా రాతి మీద మోకాళ్ళూని చేతులు జోడించాడు.

"నాలో ఏ తప్పైనా మీరు చూసినా, విన్నా, అనుమానించినా, నా మీద దయతో చెప్పండి. తెలుసుకుని సరిదిద్దుకుంటాను."

మూడుసార్లు అడగాలి. మూడోసారి కూడా మండపంలో అలల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు విధికుడు లేచాడు.

"నేను చెప్తాను భంతే."

ధమ్మిలుడు తల ఊపాడు.

"మొదటిది, మా అమ్మ కుట్టిన చెప్పులు నా చేత ఇచ్చేయించారు. రెండోది, గాలికి ఎదురు ఊడ్చానని వాకిలంతా మళ్ళీ ఊడ్పించారు. మూడోది, పాత్ర అరుగు అంచున పెట్టానని మధ్యాహ్నం దాకా చేతుల్లో పట్టుకుని నిలబడమన్నారు. నాలుగోది, సుమన భంతే ముందు, నీ గొంతు బాగుంది, గొంతు ఒక్కటే బాగుంది అన్నారు."

రోహణుడు వచ్చిన నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. విధికుడు ఆగలేదు. మొదట వణికిన గొంతు పోను పోను గట్టిపడింది. నీళ్ళు దూకినట్టు మాటలు దూకాయి. చివరికి, "పదమూడోది, మా అమ్మకి ఏమైందో చూసొస్తానంటే, కలకి సెలవు లేదన్నారు" అని కూర్చున్నాడు.

ధమ్మిలుడు మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"తొమ్మిదోది రాలేదు" అన్నాడు.

"భంతే?"

"ఎనిమిది నుంచి పదికి పోయావు. తొమ్మిదోది, పాఠంలో కునికావని నిన్ను చూరు కింద వానలో నిలబెట్టాను. రోజూ చెప్పేవాడివి. ఇవాళ వదిలేశావు."

"మీకెలా తెలుసు?" అన్నాడు విధికుడు.

"నీ గదికీ నా గదికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ నాయనా. రెండు నెలలుగా వింటున్నాను. నాకూ వచ్చేసింది." చేతులు జోడించే ఉన్నాయి. గొంతు ఎప్పటి గొంతే. "మళ్ళీ మొదటి నుంచి."

సుమనుడు ఉండబట్టలేక, "ఇంక చాలు, ఆ మోకాలితో..." అన్నాడు.

"పాఠం మధ్యలో మాట్లాడకండి" అన్నాడు ధమ్మిలుడు, మెల్లగానే.

విధికుడు మళ్ళీ లేచాడు. మొదటిది చెప్పాడు. రెండోది చెప్పాడు. అతని కళ్ళు రాతి మీద ఆనిన ఆ వాచిన మోకాలి మీదే ఉన్నాయి. మాటలు తొందరపడ్డాయి.

"పరుగెత్తకు. ప్రతి ఒక్కటీ నాకు వినపడాలి."

అవే మాటలు. అదే వరస. రెండు నెలలు నోట్లో నానిన మాటలు ఇప్పుడు ఒక్కొక్కటీ బయటికి వచ్చి, వెన్నెల్లో నిలబడి, అతన్ని ఎరగనట్టు చూశాయి. తొమ్మిదోది చెప్పాడు. పదమూడోది మాత్రం తల దించుకుని చెప్పాడు.

ధమ్మిలుడు అంతా విని తల ఎత్తాడు.

"చెప్పులూ, ఊడ్పూ, పాత్రా, వానా, అలాంటివి తప్పులు కావు. రేపూ అలాగే చేస్తాను. నాలుగోది పదిమందిలో అనకుండా ఉండాల్సింది, సరిదిద్దుకుంటాను. పదమూడోది." విధికుడి వైపు తిరిగాడు. "కలకి సెలవు లేకపోవడం నియమం. కాని ఒక మనిషిని పంపి కనుక్కోవడానికి ఏ నియమమూ అడ్డురాలేదు. నేను పంపలేదు. అది తప్పు."

ఇక కూర్చుంటాడనుకున్నారు అందరూ. కూర్చోలేదు.

"పద్నాలుగోది ఒకటుంది. అది నీకు తెలియదు."

విధికుడు చూస్తున్నాడు.

"భాద్రపదంలో ఒకరోజు తొంభయ్యో మెట్టు మీద ఆపి నిన్ను కిందికి పంపాను. నువ్వు పైకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ పూట నువ్వు తినలేదు."

"ఆ రోజు తప్పు నాదే భంతే. అందుకే అది వరసలో పెట్టలేదు."

"నువ్వు సరిగ్గానే చెప్పావు. చరణం పోయింది నాకు. సాయంత్రం ఒంటరిగా చెప్పుకుంటుంటే తెలిసింది." ముసలాయన గొంతు మొదటిసారి కాస్త పలచబడింది. "పాఠం చెప్పేవాడు మరిచిపోతున్నాడని తెలిస్తే ఈ కొండ మీద నేనెందుకు? భయం వేసింది. దాచాను. ఒక పూట నీ అన్నమూ, ఇన్నాళ్ళూ నీ నిజమూ నా దగ్గర ఉండిపోయాయి. ఇప్పుడు సంఘం వింది."

అప్పుడు కూర్చున్నాడు. కాలు చాపుకోవడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు పొద్దున సుమనుడూ మరో ముగ్గురూ మెట్ల దగ్గర ప్రయాణానికి నిలబడ్డారు. విధికుడు కూడా తన పాత్ర తీసుకుని వచ్చాడు, తల వంచుకుని. ఇంతలో ధమ్మిలుడు కర్ర ఊనుకుంటూ వచ్చాడు. ఆయన చేతిలోనూ పాత్ర ఉంది.

"మీ అమ్మ ఉండే ఊరు ఎంత దూరం?"

"రెండు కోసులు, భంతే."

"నడు."

సుమనుడు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "సాయంత్రం దాకా రేవులో ఉంటాం నాయనా" అన్నాడు.

వాన కడిగిన ఇసుక మీద ముందు ఒక మనిషి అడుగులూ ఒక కర్ర గుర్తూ, వెనక ఇంకో మనిషి అడుగులూ. ఇల్లు దగ్గర పడేకొద్దీ విధికుడి అడుగులు నెమ్మదించాయి. గుమ్మం కనిపించింది. గుమ్మంలో తల్లి కూర్చుని ఉంది. చిక్కిపోయింది, కాని కూర్చుని ఉంది.

"ఏరా వచ్చావా!" అని, వెంటనే నాలుక కరుచుకుని, "వచ్చారా" అంది.

ధమ్మిలుడే అడిగాడు. "ఒంట్లో ఎలా ఉందమ్మా?"

"ఇప్పుడు గుండ్రాయిలా ఉన్నాను సామీ. శ్రావణంలో మాత్రం జ్వరమొచ్చి పది రోజులు పడ్డాను. పక్కింటామె గంజి పోసింది, బతికాను."

"ఆ రోజుల్లోనే మీవాడు వస్తానన్నాడు. నేను పంపలేదు."

"వస్తే మాత్రం ఏం చేసేవాడు? పక్కన కూర్చుని ఏడ్చేవాడు" అంది. తర్వాత, దారం చుట్ట సర్దుకుంటూ, చిన్న గొంతుతో, "అయినా పంపి ఉంటే బాగుండేది" అంది.

"అవునమ్మా" అన్నాడు ధమ్మిలుడు.

ఆమె ఆయన కాళ్ళ వంక చూసి, "ఆ చెప్పు ఇలా ఇవ్వండి, తెగేట్టుంది" అంది. తీసుకుని తిప్పి చూసి, "ఎవరు కుట్టారు దీన్ని? గోతాం కుట్టినట్టుంది" అంది.

"ఓడల వ్యాపారి కొడుకు."

"పాపం" అంది ఆమె.

సూది తీసింది. దారం ఒక్కసారికే ఎక్కింది. విధికుడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె పెట్టిన అన్నం అక్కడే తిని, పొద్దు వాలేసరికి కొండ కిందికి వచ్చారు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు నది రేవు. పడవలో సుమనుడి కాషాయం చిన్న మంటలా కనిపిస్తోంది. ఎవరో చెయ్యి ఊపారు. ఎదురుగా మెట్లు.

ధమ్మిలుడు అటు చూడలేదు, ఇటు చూడలేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి మొదటి చరణం ఎత్తుకున్నాడు. రెండో మెట్టు, రెండో చరణం.

విధికుడు రేవు వైపు చూస్తూ కొంతసేపు నిలబడ్డాడు. ఆ గొంతు పైకి పోతోంది. అతని కాళ్ళు దాని వెనకే వెళ్ళాయి.

పదిహేనో మెట్టు, పదిహేనో చరణం. పదహారో మెట్టు మీద ముసలాయన పదిహేడో చరణం చెప్పాడు.

విధికుడు ఆగిపోయాడు. తను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పొద్దుటి నుంచి నాలుగు కోసులు నడిచిన మనిషి, ఆ మోకాలితో.

వెనక అడుగుల చప్పుడు లేకపోయేసరికి ధమ్మిలుడు కూడా ఆగాడు. తిరిగి చూడలేదు.

"ఏది పోయింది?"

"పదహారోది, భంతే." విధికుడు తనే ఒక మెట్టు దిగి అన్నాడు. "మళ్ళీ మొదటి నుంచి."

ముసలాయన భుజాలు కదిలాయి. నవ్వాడో, ఊపిరి పీల్చుకున్నాడో వెనక నుంచి తెలియలేదు. కర్ర ఇటు తిప్పుకుని దిగడం మొదలుపెట్టాడు. విధికుడు చెయ్యి చాచాడు. ఆయన పట్టుకున్నాడు.

ఇద్దరూ కిందికి వచ్చి మొదటి మెట్టు ముందు నిలబడ్డారు. నదిలో పడవ చిన్నదైపోతోంది.

"నువ్వు ఎత్తుకో" అన్నాడు ధమ్మిలుడు.